పదిహేడు నంబరు సాకెట్

పోరో
ఫిబ్రవరి 9

ఒరేయ్ సితోయ్,

కెప్టెన్ ఉడోంగ్ పడవలో ఈ పెట్టె పంపిస్తున్నాను. పైన ఉన్నవి ఎండుచేపలు, మీ వదిన కట్టింది. కింద గుడ్డలో చుట్టి నట్లు విప్పే పదిహేడు నంబరు సాకెట్ పెట్టాను. దానికి చేపల వాసన పడితే నన్ను తిట్టుకోకు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే కొబ్బరిచెట్టెక్కాలి, ఆ వయసు నాకు దాటిపోయింది. పెట్టె ఎలాగూ వస్తోంది కదా, ఉత్తరం కూడా దాంట్లోనే వస్తుంది.

ఆ సాకెట్ నిలువునా పగిలింది. హాలోవే కంపెనీది. పదకొండేళ్ళ కిందట మీ మాండవేలోనే ఆ పెద్దావిడ, నాంగ్ సెపా కొట్లో కొన్నాను. కొట్టు ముందు బోర్డు మీద 'హాలోవే పనిముట్లు, జీవితాంతం గ్యారంటీ' అని ఉంటుంది చూడు, అదే. పగిలింది ఇస్తే కొత్తది ఇస్తుంది. వెళ్ళి మార్చుకుని పంపించు. ఎలా పగిలిందని అడిగితే మామూలుగా తిప్పుతుంటే చేతిలోనే పగిలిందని చెప్పు. అంతకు మించి మాట్లాడకు, నీకసలే నోరెక్కువ.

ఇంకో సంగతి. రేవులో పన్నెండు పడవలవాళ్ళూ కలిసి సంఘం పెట్టుకున్నారు. ఇంజన్లన్నీ ఒక్క మెకానిక్‌కే అప్పజెప్తారట. ఏప్రిల్లో వచ్చి పనిముట్ల పెట్టె చూస్తామన్నారు. నా పెట్టెలో ఏముంది? ఒక సాకెట్ ఉంటే పక్కది లేదు, ముసలివాడి నోట్లో పళ్ళలాగా. ఆ పని గనక చేజారితే నేను మళ్ళీ వలలు లాగడానికి పోవాలి, నా నడుం సంగతి నీకు తెలుసు. నువ్వు ఫోన్లో ఎప్పుడూ పాత సామాన్లు చూస్తూ ఉంటావుగా. ఏ కంపెనీ సాకెట్లు మంచివో, పాతవి ఎక్కడ దొరుకుతాయో చూసి రాయి. కొత్తవి కొనే తాహతు నాకు లేదు.

మీ మానోయ్,
డులో


మాండవే
ఫిబ్రవరి 21

మానోయ్,

ఎండుచేపలు అందాయి. వాసన కూడా అందింది. నాంగ్ సెపా నీ సాకెట్‌ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "కామోటెస్ దీవుల నుంచా?" అంది. నాకు నవ్వాగలేదు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, దాని తల మీద వేలితో తడిమి చూసింది.

"ఎలా పగిలింది, దోంగ్?" అంది, చిన్న కుర్రాణ్ణి అడిగినట్టు.

"తిప్పుతుంటే చేతిలోనే పగిలింది, నాంగ్."

"ఊఁ," అంది. లేచి వెళ్ళి, అరలోంచి కొత్త పదిహేడు తెచ్చి నా చేతిలో పెట్టింది. రసీదు అడగలేదు, సంతకం అడగలేదు. మానోయ్, ఈ కాలంలో ఇలాంటి కొట్టు ఇంకోటి లేదు. కొత్తది ఈ పెట్టెలో పెట్టాను.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. పాత పనిముట్లు కొని అమ్ముకునే మా ఆన్‌లైన్ గుంపులో నన్ను 'సాకెట్ ప్రొఫెసర్' అంటారు, తెలుసా? వెక్కిరించడానికే మొదలుపెట్టారు, ఇప్పుడు నిజంగానే వచ్చి సలహా అడుగుతున్నారు.

జపాన్ వాళ్ళ కినోసే ఉంది. గోడ పల్చన. ఇరుకు సందుల్లో, వేలు దూరని చోట అది దూరుతుంది. పాత సామాన్ల కంటైనర్లలో వస్తుంది. కానీ మంచి నంబర్లన్నీ రేవులోనే ఎవరో ఏరేస్తారు, మన దాకా వచ్చేవి ఎవరికీ అక్కర్లేని నంబర్లే. డ్రాగన్‌కింగ్ ఉంది, దాని మెరుపు చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. రెండో బోల్టుకే నోరు తెరుస్తుంది. దాన్ని కొనేకంటే ఆ డబ్బుతో కల్లు తాగడం మేలు, కనీసం ఆ పూటైనా బాగుంటుంది. ఇక హాలోవే. మందం, బరువు, చూడ్డానికి మొద్దు. కానీ పట్టు వదలదు. అందులోనూ ఆరు మూలలదే తీసుకోవాలి. పన్నెండు మూలలది తొందరగా ఎక్కుతుంది గానీ, తుప్పు పట్టిన నట్టు మీద జారి దాని మూలలన్నీ తినేస్తుంది. సముద్రపు గాలికి ఇంజన్ ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? నీకు హాలోవే ఆరు మూలలే కావాలి.

పాత హాలోవేలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఒక్క పది నంబరు మాత్రం ఎవడూ అమ్మడు. అమ్మడానికి ఎవడి దగ్గరా ఉండదు, అందరూ పారేసుకున్నవాళ్ళే. చూస్తాను. ఏప్రిల్ లోపల అన్న పెట్టె నింపే పూచీ ఈ తమ్ముడిది.

సితోయ్


మాండవే
మార్చి 30

మానోయ్,

పెట్టె బరువుగా ఉందని కెప్టెన్ ఉడోంగ్ గొణిగాడు. విప్పి చూడు. హాలోవే, ఆరు మూలలవి, ఎనిమిది నుంచి ఇరవైనాలుగు వరకు పద్నాలుగు సాకెట్లు. పంతొమ్మిదీ ఇరవైరెండూ ఇంకా దొరకలేదు. పది నంబరు కూడా ఉంది, ముద్దు పెట్టుకో!

ఎక్కడివని అడుగుతావు. నీ దగ్గర దాపరికం దేనికి, నా తెలివి నువ్వూ వినాలి. గుంపులో ఒకడు పాత ఇనుము కిలోల లెక్కన అమ్ముతుంటాడు. వాడి బస్తాలో పగిలిన హాలోవేలు ఉన్నాయని ఫోటోలో చూశాను. పగిలినవి ఎవడు కొంటాడు? నేను కొన్నాను. వారానికి రెండో మూడో నాంగ్ సెపా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చూస్తుంది, "ఊఁ" అంటుంది, కొత్తది ఇస్తుంది. నీ సాకెట్ అప్పుడు ఎలా జరిగిందో ఇప్పుడూ అంతే. చాలావాటికి లోపల చదరపు కన్నంలో ఎర్ర చుక్క ఉంది, ఎవడో మెకానిక్ పెళ్ళాం గోళ్ళరంగుతో గుర్తు పెట్టుకున్నట్టున్నాడు. థిన్నర్‌తో తుడిచేశాను.

మొహం అలా పెట్టకు. కంపెనీ అమెరికాలో ఉంది. పద్నాలుగు సాకెట్లతో వాళ్ళ మేడలేమీ కూలిపోవు. నాంగ్ సెపా పగిలినవి వాళ్ళకి పంపిస్తుంది, వాళ్ళు కొత్తవి పంపిస్తారు. నడుమ ఆవిడకి పోయేదేముంది?

సంఘం వాళ్ళు వచ్చినప్పుడు పెట్టె మూత నెమ్మదిగా తియ్యి. వాళ్ళ మొహాలు చూసి నాకు రాయి.

సితోయ్


పోరో
ఏప్రిల్ 18

సితోయ్,

పని నాకే ఇచ్చారు. సంఘం పెద్ద ఒక్కో సాకెట్‌ తీసి చేత్తో తూచి చూశాడు. "డులో, ఇలాంటివి సెబు నగరంలో కూడా అందరి దగ్గరా ఉండవయ్యా," అన్నాడు. మీ వదిన ఆ రోజు కోడిని కోసింది.

నువ్వు చేసిన పని చదివి మొదట కాగితం మడిచి జేబులో పెట్టేశాను. తిట్టాలనుకున్నాను. తర్వాత పెట్టె మూత తీశాను. వరసగా అన్ని నంబర్లూ ఉన్న పెట్టె నా జన్మలో నాకు లేదురా. తిట్టలేకపోయాను.

పంతొమ్మిదీ ఇరవైరెండూ కూడా కావాలి. ఉడోంగ్ కొత్త ఇంజన్‌కి ఆ రెండూ లేకపోతే పని జరగదు.

డులో


మాండవే
మే 24

మానోయ్,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. మూడు కాగితాలు చింపేశాను.

నిన్న నాంగ్ సెపా కొట్టుకి మూడు పగిలినవి పట్టుకెళ్ళాను. పంతొమ్మిది, ఇరవైరెండు, ఒక పదిహేడు. ఈసారి బస్తా దిగిన వెంటనే తీసుకెళ్ళాను, తుడవలేదు, గ్రీజు మడ్డితో ఉన్నవి ఉన్నట్టే బల్ల మీద పెట్టాను. ఆవిడ గుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. సొరుగు తీసి ఒక చిన్న సీసా బయటపెట్టింది. గోళ్ళరంగు, మానోయ్. ఎరుపు. ఆవిడ గోళ్ళకి రంగు ఉండదు, ఎప్పుడూ నూనె మరకలే. అప్పటికైనా నాకు వెలగాలి కదా? వెలగలేదు.

మూత తిప్పి, చిన్న బ్రష్ పైకి తీసి, సాకెట్ లోపల పెట్టబోయి ఆగింది. అక్కడ చుక్క ముందే ఉంది. రెండోది చూసింది. ఉంది. మూడోది చూసింది. అర్థమైందా? పగిలిన సాకెట్ తీసుకుని కొత్తది ఇచ్చిన ప్రతిసారీ, అదే మళ్ళీ తిరిగి రాకుండా గుర్తుగా ఆ చుక్క ఆవిడే పెడుతుంది. పెట్టి పాత ఇనుము బండివాడికి వేసేస్తుంది. ఆ బండివాడి దగ్గర కొనేవాడే నాకు ఆన్‌లైన్లో అమ్మినవాడు. నేను ఇన్నాళ్ళూ ఆవిడ పారేసిన వాటిని కొని, మళ్ళీ ఆవిడకే ఇచ్చాను.

ఆ పదిహేడు మీద మడ్డి పోయాక నీలం గీత కనిపించింది. పడవలకి వేసే రంగు. నీ గుర్తు. ఫిబ్రవరిలో నా చేత్తో నేనే ఆవిడకిచ్చిన సాకెట్ అది.

ఆవిడ సీసా మూత బిగించి సొరుగులో పెట్టేసింది. లేచి, మోకాలు పట్టుకుని, అర దగ్గరికి వెళ్ళి, మూడు కొత్తవి తెచ్చి నా ముందు పెట్టింది. దొంగ అని తిట్టినా బాగుండేది, పక్క కొట్టువాళ్ళని పిలిచినా బాగుండేది. "ఎండగా ఉంది, దోంగ్. నీళ్ళు తాగి వెళ్ళు," అంది.

గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాను. వంచుకుంటే బల్ల అద్దం కింద ఒక కాగితం ఉంది. హాలోవే కంపెనీ ఉత్తరం. ఈ దేశంలో వ్యాపారం మూసేస్తున్నామనీ, ఇకమీదట పగిలినవాటికి బదులు ఇవ్వలేమనీ. తేదీ చూశాను. తొమ్మిదేళ్ళ కిందటిది.

తొమ్మిదేళ్ళుగా ఆవిడ కంపెనీ పేరు చెప్పి, తన అరలోంచి తీసి ఇస్తోంది, మానోయ్. కొత్త సరుకు వచ్చేది లేదు. నేను తీసుకున్న ప్రతి సాకెట్టూ ఆవిడ అమ్ముకోవాల్సినదే.

గ్లాసు అక్కడే పెట్టేశాను. ఆ మూడు కొత్తవీ జేబులో వేసుకుని బయటికొచ్చాను. చూశావా, అప్పుడు కూడా వాటిని బల్ల మీద వదిలిపెట్టలేదు. ఆ మాటే తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది.

సితోయ్


పోరో
జూన్ 6

సితోయ్,

నీకు సిగ్గుందా? నాన్న మనల్ని ఇలాగే పెంచాడా? ఒక ఆడమనిషి, ఒంటరిది, కీళ్ళనొప్పులతో కొట్టు నడుపుకుంటుంటే ఆవిడ నోటి దగ్గర ముద్ద లాక్కుంటావా? పైగా ప్రొఫెసర్‌వట! గుంపులో అందరికీ సలహాలు చెప్తావట! నిన్ను చూసి మా తమ్ముడని చెప్పుకోవాలంటే నాకు తల కొట్టేసినట్టుంది.

వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడు. చేసిందంతా చెప్పు. ఏం శిక్ష వేస్తే అది పడు. అది చేసేదాకా నాకు ఉత్తరం రాయకు.

డులో


మాండవే
జూన్ 20

మానోయ్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

మూడుసార్లు వెళ్ళాను. టైర్ల కొట్టు మలుపు దాకా వెళ్ళి, ఆ బోర్డు కనబడగానే వెనక్కి వచ్చేశాను. మూడోసారి ఆవిడ బయట చీపురుతో ఊడుస్తోంది. తలెత్తి చూసింది. నేను ఎక్కాల్సిన జీప్నీ బండి కోసం చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఆ వీధిలో జీప్నీలు తిరగవు, ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

జూలై ఆఖరున కొట్టు మూసేస్తోందట. టైర్ల కొట్టువాడు చెప్పాడు. అరలు ఖాళీ అయిపోయాయట. "ముసల్దానికి మతి లేదు, ఉన్నదంతా ఊరికే పంచి పెట్టింది," అని నవ్వాడు. వాడితో పాటు నేను కూడా నవ్వాను, మానోయ్. నవ్వకపోతే వాడికి అనుమానం వస్తుందని.

నువ్వు తిట్టినవన్నీ నాకు తగినవే. కానీ ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నేను ఏం చేశానో మార్చిలోనే ముక్క దాచకుండా నీకు రాశాను. అప్పుడు నాన్న గుర్తు రాలేదేం? పంతొమ్మిదీ ఇరవైరెండూ కావాలని రాసింది ఎవరు? కంపెనీ నష్టపోతోందనుకున్నంత సేపూ మనిద్దరికీ బాగానే ఉంది. పోయింది మనకి తెలిసిన మనిషిది అనేసరికి నేనొక్కణ్ణే దొంగనయ్యానా?

ఇలా రాయడం తప్పే. ఆవిడ కొట్టు మూసేలోపు వెళ్ళాలి. ఉత్త చేతులతో వెళ్ళలేను. ఆ పద్నాలుగు సాకెట్లూ వెనక్కి పంపించు. పంపిస్తే సంఘం పని నీకు పోవచ్చని తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

సితోయ్


పోరో
జూలై 3

తమ్ముడూ,

సాకెట్లు పంపిస్తున్నాను. పద్నాలుగూ ఉన్నాయి, ఫిబ్రవరిలో నువ్వు మార్చి తెచ్చిన పదిహేడు కూడా వేశాను. అన్నీ కిరోసిన్‌తో కడిగాను. నీలం గీతలు గీకేశాను, కొంచెం మరక మిగిలింది.

పదిహేడు కూడా ఎందుకు వేశానని అనుకుంటావు. అది చెప్పాలనే నాలుగు రోజులుగా ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. మీ వదిన, "తమ్ముడికి ఉత్తరం రాయడానికి అంత ఆలోచనేంటి?" అంటోంది. ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ సాకెట్ చేతిలో పగల్లేదు. ఉడోంగ్ పాత ఇంజన్‌కి ఒక నట్టు తుప్పు పట్టి ఉబ్బిపోయింది. పదిహేడు ఎక్కట్లేదు. మంట పెట్టి వేడి చేసి తీయాలి, లేదా ఉలితో కోయాలి. నాకు బద్ధకం. వాన వచ్చేలా ఉంది. సాకెట్ పెట్టి, తల మీద సుత్తితో కొట్టి దింపాను, దెబ్బకో నొక్కు పడింది. ఆపైన హ్యాండిల్‌కి బారెడు పైపు తొడిగి వేలాడాను. పగిలింది. ఇంకెవరైనా నా ముందు అలా చేస్తే చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి. సాకెట్‌కి అంతకంటే అవమానం లేదని మన మెకానిక్కులందరికీ తెలుసు, దానికి ఏ గ్యారంటీ వర్తించదని కూడా తెలుసు. తెలిసే నీ చేత అబద్ధం చెప్పించాను. ఏ మాట చెప్పాలో కూడా నేనే రాసిచ్చాను.

నువ్వు మార్చిలో నీ తెలివి గురించి రాసినప్పుడు నేను తిట్టలేకపోయింది పెట్టె చూసి ఒక్కటే కాదు. తిట్టడానికి నాకు నోరెక్కడిది? దారి చూపించింది నేను. జూన్లో ఆ ఉత్తరం అంత ఘాటుగా రాసింది కూడా అందుకే, నీ మీద అరుస్తుంటే నా సంగతి నాకు వినపడదని.

సంఘం పని సంగతి తర్వాత చూసుకుందాం. కినోసేవి రెండు మూడు ఉన్నాయి, పానాలున్నాయి. నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళు. సుత్తి సంగతి కూడా చెప్పు. కాదు, అది చెప్పకు. అది నేను చెప్పుకోవాల్సింది.

మీ మానోయ్


మాండవే
జూలై 16

మానోయ్,

వెళ్ళాను.

సంచి బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నీ సుత్తి సంగతి తప్ప. అరల్లో చెక్కలు తప్ప ఏమీ లేవు. నేను చెప్పడం అయ్యాక సంచి విప్పి చూసి, మళ్ళీ నా వైపు తోసేసింది.

"ఇవి నాకెందుకు?"

"మీవే కదా, నాంగ్. అరలో పెట్టుకోండి. అమ్ముకోండి."

"వాడినవి. వాడినవాటిని కొత్తవని అమ్మితే నీకూ నాకూ తేడా ఏముంది, దోంగ్?"

నా మొహం మీద కొట్టినట్టయింది. "ఆ రోజు చుక్కలు చూశాక కూడా ఎందుకిచ్చారు?" అని అడిగాను. నాకు ఏడుపు వచ్చేసింది, అరిచినట్టే అడిగాను. ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది.

"బోర్డు రాయించింది నేను. నిజం చెప్పేవాళ్ళకి మాత్రమే అని రాయించానా? కంపెనీ పోయినప్పుడే దాన్ని దింపేయాల్సింది. దింపాలంటే సిగ్గేసింది. అంతే. నేనేదో పుణ్యాత్మురాలినని అనుకుని వెళ్ళకు. ఆ మధ్యాహ్నం నువ్వు వెళ్ళాక నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో ఆ గోడలకి తెలుసు."

ఏం చేయమంటారని అడిగాను. "నువ్వు పాతవి ఎక్కడ కొన్నావో అక్కడే అమ్ము. ఏమిటో, ఎలా వచ్చాయో ఉన్నదున్నట్టు రాయి. వచ్చిన డబ్బు తెచ్చివ్వు. నా పేరు రాయకు, నాకు జాలి అక్కర్లేదు. నీ పేరు రాయి," అంది.

మానోయ్, గుంపులో పద్దెనిమిది వేలమంది ఉన్నారు. సగం మంది నన్ను ప్రొఫెసర్ అనేవాళ్ళు. నేను పని చేసే యార్డులో మెకానిక్కులందరూ ఉన్నారు, మా యజమాని ఉన్నాడు. నాలుగు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. నిన్న పొద్దున పనికి వెళ్ళే ముందు పెట్టేశాను. నీకు అక్కడ సిగ్నల్ లేదు కాబట్టి ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"అమ్మకానికి. హాలోవే సాకెట్లు, ఆరు మూలలవి, ఎనిమిది నుంచి ఇరవైనాలుగు వరకు, మొత్తం పద్దెనిమిది. పది నంబరు ఉంది. పదిహేడు నంబరువి రెండున్నాయి. పదిహేను సాకెట్లు మూడు నెలలు పడవ ఇంజన్ల మీద వాడినవి, మూడు అసలు వాడనివి. పగుళ్ళు లేవు. కొన్నింటి మీద నీలం రంగు మరక ఉంది. ఒక్కటి తప్ప ఇవన్నీ నేను మోసం చేసి సంపాదించినవి. పాత ఇనుములో పగిలినవి కొని, నావే అని చెప్పి, గ్యారంటీ కింద ఒక కొట్లో కొత్తవి తీసుకున్నాను. నష్టం కంపెనీకి కాదు, కొట్టు మనిషికి. ఆ ఒక్కదాని సంగతి మా అన్న చెప్తాడు. డబ్బంతా ఆ కొట్టు మనిషికే వెళ్తుంది. బేరం లేదు. అనెసితో ఓంపద్, మాండవే."

మధ్యాహ్నానికి మూడొందల మంది రాశారు. ఏం రాశారో నీకు రాయలేను. ఒకడు మాత్రం, "పది నంబరు ఒక్కటీ విడిగా ఇస్తావా?" అని అడిగాడు. యార్డులో నేను లోపలికి వెళ్ళగానే ఒకడు తన పనిముట్ల పెట్టెకి తాళం వేసుకున్నాడు. నన్ను చూస్తూనే వేశాడు. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే పని చేస్తున్నవాడు.

ఇంతవరకూ ఎవరూ కొనలేదు.

సితోయ్


పోరో
జూలై 29

తమ్ముడూ,

నీ ఉత్తరం నాకు అందేలోపే నీ ప్రకటన అందింది. రేవులో ఉడోంగ్ ఇంజన్ మీద వంగి ఉన్నాను. వాడు సెబు నుంచి వస్తూ ఫోన్లో చూసి, నవ్వుతూ అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. "పాపం వీడెవడో గానీ, ఇన్నాళ్ళకి ఒక దొంగ ఊరూ పేరూ పెట్టి మరీ చెప్పుకున్నాడు!" అన్నాడు. ఆ పేరు చదివాక వాడి నవ్వు ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు.

"మా తమ్ముడే," అన్నాను. "ఆ నీలం మరక నాది. ఆ పెట్టె చూసే మీరు నాకు పనిచ్చారు."

సంఘం పెద్ద అక్కడే ఉన్నాడు. పని ఉందో లేదో ఇంకా చెప్పలేదు. రేపు కూర్చుని మాట్లాడతామన్నారు. చెప్పనీ.

మొన్న శుక్రవారం పొద్దున పడవకి మాండవే వచ్చాను. నీ దగ్గరికి రాలేదు. ముందు నీకు మొహం చూపించి, తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలదనుకున్నాను. ముందే అక్కడికి వెళ్ళాను. కొట్టు మూసే హడావుడిలో ఉంది. బోర్డు దింపి గోడకి ఆనించి ఉంది. మీ వదిన గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు బల్ల మీద పెట్టాను. ఆ పద్దెనిమిది సాకెట్లూ నేనే కొంటానన్నాను. సితోయ్ అన్ననని చెప్పాను.

లెక్క పెట్టకుండానే సొరుగులో వేసింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది.

ఫిబ్రవరిలో వచ్చిన పదిహేడు చేతిలో పగల్లేదని చెప్పాను. సుత్తితో కొట్టానని చెప్పాను. వాడికి అబద్ధం నేర్పి పంపింది నేనేనని చెప్పాను. నా వయసు యాభై ఎనిమిది, సితోయ్. నాన్న ముందు కూడా ఎప్పుడూ అలా నిలబడలేదు.

"ఎన్ని దెబ్బలు వేశావు?" అని అడిగింది.

"మూడు," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నాలుగు," అంది.

నాలుగేరా.

మీ మానోయ్,
డులో